దుకాణం తలుపు మూసింది ఎవరు?



వీడియో గేమ్‌ల అంగడి గురించి సంపాదకీయమా అని కొందరు పెద్దలకు ఆశ్చర్యం కలగవచ్చు. కానీ 2025 జూలైలో ఆ అంగడిలో జరిగిన సంగతి మన సంఘాల గడప దాకా వచ్చింది. మన పిల్లల్లో ఆ గేమ్‌లు ఆడేవారున్నారు. హైదరాబాదు స్టూడియోల్లో బొమ్మలు గీస్తూ, కోడ్ రాస్తూ ఆ పని మీదే బ్రతికే విశ్వాసులూ ఉన్నారు. జరిగినదాని గురించి మనవాళ్లలో ఎక్కువమంది అన్నది ఒకటే మాట: "చెత్త పోయింది, మంచిదే కదా!" చెత్త పోవడం మంచిదే, అందులో మాకు రెండో మాట లేదు. అది పోయిన తీరు గురించే ఈ వారం మా బాధ.

ముందుగా ఒక చిన్న మాట. ఇలాంటివి తయారుచేసే వారిని ఇంగ్లీషులో 'క్రియేటర్స్' అంటారు. దాన్ని తెలుగు చేస్తే వచ్చే మాట మన నోట ఒక్కరికే చెల్లుతుంది కాబట్టి మేము 'తయారీదారులు' అనే రాస్తాము.

కంప్యూటర్‌లో ఆడే గేమ్‌లకు ప్రపంచంలో అతి పెద్ద దుకాణం స్టీమ్. అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీ 2003లో దీన్ని మొదలుపెట్టింది. గేమ్‌కు 100 డాలర్లు కడితే ఎవరైనా తమ సరుకు అక్కడ పెట్టుకోవచ్చు. అమ్మకం మీద మొదట్లో 30 శాతం వాల్వ్ వాటా. ఇచ్ డాట్ ఐఓ అనేది చిన్న దుకాణం. లీఫ్ కోర్కొరన్ అనే ఆయన 2013లో ప్రారంభించారు. దుకాణానికి ఎంత వాటా ఇవ్వాలో తయారీదారే నిర్ణయించుకోవచ్చు కాబట్టి విద్యార్థులు, ఒంటరిగా పనిచేసేవారు, ఇంకా ఎవరికీ తెలియని కొత్తవారు అక్కడికి చేరారు. పెద్ద బజారులో కొట్టు పెట్టలేనివాడు వారపు సంతలో తట్ట దించుకున్నట్టు.

2018లో వాల్వ్ ఒక విధానం ప్రకటించింది. చట్టవిరుద్ధమైనవి, కేవలం రెచ్చగొట్టడానికి చేసినవి తప్ప అన్నిటికీ చోటిస్తామని, ఏది మంచిది ఏది చెడ్డది అని తీర్పు చెప్పడం తమ పని కాదని దాని సారాంశం. అప్పటినుండి పెద్దలకు మాత్రమే అనే ముద్రతో లైంగిక గేమ్‌లు పెద్ద సంఖ్యలో వచ్చిపడ్డాయి. దుకాణదారుడు తన అరల్లో ఏముందో చూడనంటే ఏమవుతుందో 2025 వసంతకాలంలో తెలిసింది. 'నో మెర్సీ' అనే గేమ్ ఒకటి అమ్మకానికి వచ్చింది. స్త్రీలను, కుటుంబంలోని స్త్రీలతో సహా, బలాత్కరించడమే అందులో ఆట. దాని గురించి ఇంతకంటే రాయడానికి మా కలం ఒప్పుకోదు. బ్రిటన్‌లో మంత్రి పీటర్ కైల్ దాకా ఆ విషయం వెళ్లింది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో దాన్ని అమ్మకం నుండి తీశారు. ఏప్రిల్‌లో తయారుచేసినవారే దాన్ని స్టీమ్ నుండి పూర్తిగా వెనక్కి తీసుకున్నారు.

దాని మీద గట్టిగా పోరాడినవారిలో ఆస్ట్రేలియాకు చెందిన కలెక్టివ్ షౌట్ ముఖ్యమైనది. స్త్రీలను వస్తువులుగా చూపడానికి, బాలికలను లైంగికంగా చిత్రించడానికి వ్యతిరేకంగా 2009 నుండి పనిచేస్తున్న సంస్థ అది. అలాంటి గేమ్‌లు స్టీమ్‌లో ఇంకా వందల్లో ఉన్నాయని వారి ఆరోపణ. నెలల తరబడి స్టీమ్‌కు రాసినా జవాబు రాలేదని, అందుకే డబ్బు దారి పట్టామని వారు చెప్పారు. జూలై 11న పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్ మొదలైన సంస్థల అధిపతులకు బహిరంగ లేఖ రాశారు. ఇలాంటి గేమ్‌ల సొమ్ము మీ చేతుల మీదుగా పోతోంది, ఆపండి అని దాని తాత్పర్యం.

ఈ స్త్రీల మొర న్యాయమైనదని మేము నమ్ముతున్నాము. ఇందులో అనుమానం ఉన్నవారు తమ ఇంటి ఆడపిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆలోచించాలి. తలుపు తట్టినా దుకాణదారుడు లేవకపోతే తట్టినవారు వేరే దారి వెతుక్కోవడం సహజం. ఆ తరువాత ఆ సంస్థలో పనిచేసేవారికి చంపుతామనీ చెరుపుతామనీ బెదిరింపులు వచ్చాయని వారు చెప్పారు. స్వేచ్ఛ పేరిట అలా బెదిరించినవారిని సమర్థించే మాట ఒక్కటి కూడా ఈ సంపాదకీయంలో ఉండదు.

లేఖ వెళ్లిన వారం తిరగకుండానే స్టీమ్ నియమాల్లో కొత్త నియమం చేరింది. డబ్బు చెల్లింపులు నడిపే సంస్థలు, వాటి వెనుక ఉన్న కార్డు కంపెనీలు, బ్యాంకులు పెట్టుకున్న ప్రమాణాలను ఉల్లంఘించేవి, ముఖ్యంగా 'కొన్ని రకాల' పెద్దల సరుకు, ఇక్కడ ఉండకూడదు. ఆ కొన్ని రకాలు ఏమిటో రాయలేదు. ఎన్నో గేమ్‌లు మాయమయ్యాయి. జూలై 24 నాటికి ఇచ్ డాట్ ఐఓ ఇంకా ముందుకు వెళ్లింది. పెద్దలకు అని గుర్తు ఉన్న ప్రతి గేమ్‌ను, ప్రతి పుస్తకాన్ని, ప్రతి బొమ్మను వెతుకులాటకు దొరకకుండా చేసింది. వేల సంఖ్యలో. ముందుగా చెప్పే సమయం కూడా చిక్కలేదని, చెల్లింపులు ఆగిపోతే దుకాణమే నిలవదని కోర్కొరన్ రాశారు. నెల చివరికి ఉచితంగా ఇచ్చేవాటిని మాత్రం తిరిగి చూపడం మొదలుపెట్టారు.

ఇక్కడ పాఠకులు ఒక్క నిమిషం ఆగాలని మా మనవి. ఆ గుర్తు పెట్టింది ఎవరు? తయారీదారులే. నా సరుకు పిల్లలకు తగదు, పెద్దలు మాత్రమే చూడాలి అని తనంతట తాను రాసినవాడి సరుకే మాయమైంది. అదే సరుకు పెట్టి ఆ మాట రాయకుండా దాచినవాడికి ఆ రోజున ఏమీ కాలేదు. మామూలు బజారులో ఇలాంటిది జరిగితే ఏమంటాం? కల్తీ నూనె పట్టుకోవడానికి వచ్చిన అధికారి, డబ్బా మీద నిజం రాసిన కొట్లన్నీ మూయించి రాయని కొట్లను వదిలేసినట్టు. ఆ వీధిలో మర్నాటినుండి డబ్బా మీద నిజం రాసేవాడు ఉంటాడా? రేపు ఒక తల్లి తన కొడుకు ఏమి ఆడుతున్నాడో తెలుసుకోవాలంటే ఆమెకు ఉన్న ఆధారం ఆ గుర్తే. నిజం చెప్పినందుకు దెబ్బ తగిలేలా చేసి పిల్లలను కాపాడామని అనుకుంటే ఎలా?

పైగా ఆ గుర్తు కింద ఉన్నదంతా ఒక్కటే కాదు. పచ్చి బూతు ఉంది, నిజమే, అది ఎక్కువే. దానితోపాటు చిన్నప్పుడు తనకు జరిగిన అత్యాచారం నుండి కోలుకున్న కథను గేమ్‌గా చెప్పుకున్నవారు, తమ దేహాన్ని తామే ద్వేషించుకునే జబ్బు గురించి చెప్పినవారు కూడా పిల్లల కంట పడకూడదనే బాధ్యతతో అదే గుర్తు పెట్టుకుంటారు. గుర్తు చూసి తీసేస్తే ఆ ఇద్దరికీ తేడా ఉండదు. గోధుమలు, గురుగుల ఉపమానంలో ఇంటి యజమాని పనివాళ్లను ఎందుకు ఆపాడో మనకు బాగా తెలుసు. ఆ ఉపమానాన్ని అడ్డం పెట్టుకుని 'నో మెర్సీ' లాంటివాటిని ఉండనివ్వమని మేము అనడం లేదు. అది దేనికీ గోధుమ కాదు, చూడగానే తెలిసే గురుగు. దాన్ని పేరు పెట్టి పిలిచి, కారణం చెప్పి పీకవచ్చు. చేనంతటికీ కలుపు మందు కొట్టవలసిన పని లేదు.

మన చేతిలోని గ్రంథం సంగతే చూడండి. ఆదికాండము 19లో లోతు కుమార్తెల సంగతి, న్యాయాధిపతులు 19లో గిబియాలో ఆ స్త్రీకి జరిగిన ఘోరం, రెండవ సమూయేలు 13లో అమ్నోను తామారుకు చేసిన ద్రోహం. బలాత్కారం, వావి తప్పడం, రెండూ అందులో ఉన్నాయి. ఎందుకు ఉన్నాయో మనకు తెలుసు. మాటలను మాత్రమే చూసే యంత్రానికి తెలియదు, తెలుసుకోవాలని లేని మనిషికీ తెలియదు. ఇది ఊహ కాదు. అమెరికాలోని యూటా రాష్ట్రం బడి గ్రంథాలయాల్లో అశ్లీల పుస్తకాలు ఉండకూడదని 2022లో చట్టం చేసింది. ఆ చట్టం కిందనే ఒకరు బైబిలు మీద ఫిర్యాదు చేశారు. 2023లో డేవిస్ స్కూల్ డిస్ట్రిక్ట్ చిన్న తరగతుల బడుల నుండి బైబిలును తీసేసింది. విశ్వాసులు ఆందోళన చేశారు, అప్పీలు చేశారు, అదే జూన్‌లో తిరిగి పెట్టారు. అప్పీలు చేసుకోవడానికి అక్కడ ఒక బల్ల, బల్ల వెనుక పేరున్న మనుషులు ఉన్నారు. అందుకే తిరిగి వచ్చింది.

గేమ్‌ల విషయంలో ఆ బల్ల ఎక్కడుంది? దీని కోసం డబ్బు నడిచే దారి కొంచెం తెలియాలి. విజయవాడలో ఒక అబ్బాయి కార్డుతో గేమ్ కొన్నాడనుకోండి. అతని కార్డు ఇచ్చిన బ్యాంకు ఒకటి. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్ మరొకటి. దుకాణం తరఫున డబ్బు అందుకునే బ్యాంకు వేరు. ఆ బ్యాంకుకూ దుకాణానికీ మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఇంకొకటి. నెట్‌వర్క్ నియమం రాస్తుంది. అది తప్పితే దాని దెబ్బ దుకాణం తరఫు బ్యాంకు మీద పడుతుంది. ఆ భయంతో బ్యాంకు నడిపే సంస్థకు చెబుతుంది, సంస్థ దుకాణానికి చెబుతుంది. పైనుండి వచ్చిన మాట కిందికి దిగేకొద్దీ భయం కలిసి బరువు పెరుగుతుంది. మన ఆఫీసుల్లో కలెక్టరు గారు అడిగింది ఒకటైతే గుమాస్తా దాకా వచ్చేసరికి అది మూడింతలవుతుంది కదా, అలాగే.

ఆగస్టు 1న మాస్టర్‌కార్డ్ ఒక ప్రకటన చేసింది. మేము ఏ గేమ్‌నూ పరిశీలించలేదు, ఏ దుకాణాన్నీ కట్టడి చేయమనలేదు, చట్టబద్ధమైన కొనుగోళ్లన్నీ మా నెట్‌వర్క్‌లో చెల్లుతాయి అని. దానికి వాల్వ్ బదులు చెప్పింది. మాస్టర్‌కార్డ్‌తో నేరుగా మాట్లాడాలని అడిగినా వారు మాతో మాట్లాడలేదు, మధ్య సంస్థలతోనూ బ్యాంకులతోనూ మాట్లాడారు, ఆ సంస్థలు మాస్టర్‌కార్డ్ నియమావళిలోని 5.12.7 నియమాన్ని చూపి మా వివరణను తోసిపుచ్చాయి అని. ఆ నియమం చట్టవిరుద్ధమైన లావాదేవీలనే కాదు, తమ కంపెనీ పేరుకు మచ్చ తెచ్చేవాటిని కూడా అడ్డుకుంటుంది. ఏది అసహ్యకరం, దేనిలో కళా విలువ లేదు అన్నది తేల్చేది ఎవరు? కార్డు కంపెనీయే. ఇచ్ డాట్ ఐఓ విషయంలో స్ట్రైప్ అనే సంస్థ తన వెనుక బ్యాంకుల వైపు వేలు చూపింది.

లూకా 23వ అధ్యాయం చదివేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. పిలాతు హేరోదు దగ్గరికి పంపాడు, హేరోదు తిరిగి పిలాతు దగ్గరికి పంపాడు. చేతులు కడుక్కునే నీళ్లకు కొదవ ఉండదు. తీర్పు మాత్రం అమలైపోయింది.

అందుకే తయారీదారులు నమ్మకం కోల్పోయారు. దీన్ని మనవాళ్లు "బూతు అమ్ముకునేవాళ్ల ఏడుపు" అని కొట్టిపారేస్తున్నారు కానీ ఏడుస్తున్నది వాళ్లు మాత్రమే కాదు. రెండు మూడేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి ఒక గేమ్ చేసినవాడు, అది ఏ నియమం కింద ఉంటుందో, ఏ నియమం కింద పోతుందో ముందుగా తెలియక, పోయాక అడగడానికి మనిషి లేక నిలబడితే, అతని పని ఎలాంటిదైనా అతనికి అన్యాయం జరిగినట్టే. ఇటలీలోని శాంటా రజియోనే అనే చిన్న స్టూడియో 'హార్సెస్' అనే భయానక గేమ్ చేసింది. 2023లోనే స్టీమ్ దాన్ని తిరస్కరించింది. ఎందుకో స్పష్టంగా చెప్పలేదని, సవరించుకుని తిరిగి చూపే అవకాశం ఇవ్వలేదని స్టూడియో అంటోంది. చెప్పామని వాల్వ్ అంటోంది. 2025 డిసెంబరులో విడుదలకు ఒక రోజు ముందు ఎపిక్ దుకాణం కూడా వద్దంది. గాగ్ అనే మరో దుకాణం అమ్మింది. ఆ గేమ్ మన ఇళ్లల్లో ఆడదగినది కాదు, మేము దాన్ని సిఫారసు చేయడం లేదు. ఒక దుకాణం ఒక సరుకు వద్దనడం తప్పు కూడా కాదు. మన క్రైస్తవ పుస్తక దుకాణాల్లో ప్రతి పుస్తకం పెడుతున్నామా? యజమాని తన పేరుతో, తన కారణంతో, మొదటే వద్దంటే వినేవాడు మరో చోటు చూసుకుంటాడు. తీరా పని అంతా అయ్యాక, అర్థం కాని మాటతో, ఎవరి పేరూ లేకుండా వద్దంటే ఆ స్టూడియో చెప్పినట్టు మూతపడే పరిస్థితి వస్తుంది.

అన్యుడైన ఫేస్తు కూడా ఈ న్యాయం ఎరిగినవాడు. అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయంలో అతని మాటలు ఎంత చక్కగా ఉంటాయో చూడండి. ఆరోపించేవారు ఎదురుగా నిలవకుండా, తన పక్షాన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఒక మనిషిని అప్పగించడం రోమీయుల పద్ధతి కాదంటాడు. నేరమేమిటో రాయకుండా ఖైదీని కైసరు దగ్గరికి పంపడం యుక్తం కాదని అధ్యాయం చివర ఇబ్బంది పడతాడు. యోహాను 7లో నీకొదేము పరిసయ్యులను అడిగిందీ అదే. ఆ న్యాయం పౌలుకు మాత్రమే వర్తిస్తుందని, మనకు నచ్చనివాడికి వర్తించదని ఏ వచనంలోనూ లేదు.

దీనికి ఒక జవాబు మాకు వినబడుతూనే ఉంది. "పాస్టరు గారూ, ఇల్లు కాలుతుంటే నీళ్లు తెచ్చినవాడి కులగోత్రాలు అడుగుతామా? చట్టాలు చేసేసరికి పిల్లలు పాడైపోతారు." ఈ మాటలో బరువుంది. 2020 డిసెంబరులో పోర్న్‌హబ్ అనే అశ్లీల సైటు మీద న్యూయార్క్ టైమ్స్‌లో నికోలస్ క్రిస్టాఫ్ రాసిన వ్యాసం వచ్చాక వీసా, మాస్టర్‌కార్డ్ చెల్లింపులు నిలిపివేశాయి. ఆ తరువాతనే ఆ సైటు ఎవరు ఎక్కించారో తెలియని లక్షలాది వీడియోలను తొలగించింది. అక్కడ నిజమైన పిల్లల మీద, నిజమైన స్త్రీల మీద నేరం జరిగిన దృశ్యాలు ఉన్నాయి. ఎన్నో ఏళ్లుగా ప్రభుత్వాలు చేయలేనిది కార్డు కంపెనీలు వారంలో చేశాయి. మేము దాన్ని కాదనలేము. అయితే అది నేరానికి సాక్ష్యమైన దృశ్యం, ఇది గీసిన బొమ్మ. గీసిన బొమ్మ కూడా మనసును పాడుచేస్తుంది, కానీ రెండింటికీ ఒకే తూకం వేయలేము. దొంగ త్రాసు గురించి సామెతల గ్రంథం అంత గట్టిగా మాట్లాడేది ఇందుకే.

ఆ కత్తి ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. 2010లో ఇదే వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ వికీలీక్స్‌కు విరాళాలు వెళ్లకుండా ఆపాయి. ఏ కోర్టూ అప్పటికి తీర్పు చెప్పలేదు. 2022లో అమెరికా మాజీ మత స్వేచ్ఛా రాయబారి శామ్ బ్రౌన్‌బ్యాక్ స్థాపించిన నేషనల్ కమిటీ ఫర్ రెలిజియస్ ఫ్రీడమ్ ఖాతాను చేజ్ బ్యాంకు మూసేసింది. మతం కారణం కాదని బ్యాంకు అంది. మరి ఏది కారణమో తేలక ఆయన ఊరూరా ఆ కథ చెప్పుకోవలసి వచ్చింది.

మన దేశంలో ఈ నొప్పి మనకు ఇంకా దగ్గరగా తెలుసు. విదేశీ విరాళాల చట్టం 2020 సవరణ తరువాత బయటినుండి వచ్చే ప్రతి రూపాయి ఢిల్లీలోని ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలోనే దిగాలి. 2021 క్రిస్మస్ రోజున మదర్ తెరెసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి అనుమతి పునరుద్ధరణ నిరాకరించారు. అర్హత షరతులు తీరలేదని, కొన్ని ప్రతికూల అంశాలు గమనించామని అన్నారే తప్ప అవి ఏమిటో బయటికి చెప్పలేదు. జనవరిలో తిరిగి ఇచ్చారు. అంత పేరు లేని అనాథాశ్రమాలు, బడులు, ఆసుపత్రులు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని అదే తలుపు దగ్గర నిలబడి ఉన్నాయో మా పాఠకులకు మేము చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం వేరు, కార్డు కంపెనీ వేరు, రెండూ ఒకటని మేము అనడం లేదు. అయితే డబ్బు గొట్టం మీద కాలు పెట్టి కారణం చెప్పకపోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం, అదే కాలు ఇంకొకరి గొట్టం మీద పడినప్పుడు చప్పట్లు కొట్టడం మాకు మింగుడు పడటం లేదు. (ఇక్కడ ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం తీసి ముద్ర, కొనడం, అమ్మడం అంటూ వీడియోలు చేసే సోదరులకు ఒక మనవి: దీనికి అంత దూరం వెళ్లనవసరం లేదు. ఇది పాత లోకపు పాత పెత్తనమే.)

అదే 2025 ఆగస్టులో మన పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పందెంతో ఆడే గేమ్‌లను నిషేధించి, వాటికి చెల్లింపులు జరపవద్దని బ్యాంకులను ఆదేశించింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇలాంటి నిషేధం తెచ్చాయి. రమ్మీ యాప్‌లలో అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న యువకుల కుటుంబాల కన్నీళ్లు చూసినవాళ్లం కాబట్టి మేము ఆ చట్టాన్ని స్వాగతించాము. రెండు రోజుల్లో రెండు సభలు దాటించిన తొందర మాకు నచ్చలేదు, అది వేరే సంగతి. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఇందులోనూ ఆపింది బ్యాంకులే, కానీ ఏది నిషేధమో ఒక కాగితం మీద ఉంది, దాని కింద సంతకం ఉంది, అన్యాయమనుకున్న కంపెనీలు హైకోర్టులకు వెళ్లాయి, విషయం సుప్రీంకోర్టు ముందుకు చేరింది. బ్యాంకు ఇక్కడ బంట్రోతు. జూలైలో గేమ్‌ల అంగడిలో అది న్యాయాధిపతి కుర్చీలో కూర్చుంది.

సంఘం చేయవలసిన పని మరొకటి ఉంది, అది కార్డు కంపెనీల కంటే పాతది. అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసులో మాంత్రికులు విశ్వాసులై తమ పుస్తకాలు తెచ్చి అందరి ఎదుట కాల్చారు. లెక్క చూస్తే వాటి వెల 50,000 వెండి నాణేలు. కాల్చినవి తమవి. ఎదుటి కొట్టులో ఉన్నవి కావు. అదే అధ్యాయంలో, వ్యాపారం పోయిందని వీధికెక్కి గోల చేసింది దేమేత్రియ అనే కంసాలి, పౌలు కాదు. ఎవరూ కంసాళ్ల దుకాణాలకు తాళం వేయకుండానే వెండి గుళ్ల అమ్మకం పడిపోతోందని దేమేత్రియ భయపడ్డాడు, ఎందుకంటే కొనేవాళ్లు మారుతున్నారు. మన సంఘాల్లో ఎంతమంది పురుషులు, పెళ్లయినవారితో సహా, ఆ గుర్తు ఉన్న సరుకు కొంటున్నారో ఆదివారం వరుసల్లో కూర్చున్నవారిని చూసి చెప్పలేము. కౌన్సెలింగ్‌కు వచ్చే దంపతులు చెప్పినప్పుడు తెలుస్తుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పౌలు వెలుపటివారి తీర్పు తనకెందుకని అడిగి, లోపలివారి వైపు వేలు చూపిస్తాడు. మనం తరచుగా దాన్ని తిరగేసి చదువుతున్నాము.

అంటే చట్టం అడగవద్దా? అడగాలి. బలాత్కారాన్ని వినోదంగా అమ్మేవాటిని పేరు పెట్టి నిషేధించమని మన పార్లమెంటు సభ్యులకు రాయాలి. పిల్లల వయసు తేల్చే పద్ధతులు కోరాలి. బ్రిటన్‌లో కొత్త చట్టం కింద 2025 ఆగస్టు చివరినుండి పెద్దల గేమ్‌ల పేజీ చూడాలంటే స్టీమ్ ఖాతాలో క్రెడిట్ కార్డు ఉండాలి. అది లోపం లేని పద్ధతేమీ కాదు, తండ్రి కార్డు కొడుకు చేతికి రావడం ఎంతసేపు? అయినా అందులో తయారీదారు నిజం రాస్తే శిక్ష లేదు, రాయడమే పద్ధతికి ఆధారం. స్టీమ్ లాంటి దుకాణాలకు కూడా రాయాలి. కలెక్టివ్ షౌట్ స్త్రీలకు నెలల తరబడి జవాబు ఇవ్వకపోవడమే ఇంతదూరం తెచ్చిందని వారికి ఎవరో ఒకరు గుర్తు చేయాలి. ఏది అమ్ముతావో ఏది అమ్మవో నీవే రాసిపెట్టు, నీ పేరు పెట్టు, తీసేసినప్పుడు కారణం చెప్పు, అప్పీలు విను. ఆ నాలుగు పనులు మొదటే చేసి ఉంటే కార్డు కంపెనీకి పని పడేది కాదు.

ఈ రంగంలో ఉన్న మన యౌవనస్థులకు రెండు మాటలు. బైబిలు కథలతో, సాక్ష్యాలతో గేమ్‌లు చేయాలని ఆశపడేవారు మీలో ఉన్నారు. తామారు కథ చెప్పదలచుకుంటే భయపడి మానవద్దు. పిల్లలకు తగని చోట ఆ మాట నిజాయితీగా రాయండి, ఇప్పటి పరిస్థితిలో అది నష్టమైనా సరే. ఒక్క దుకాణం మీదే ఆధారపడవద్దు. రెండు మూడు చోట్ల పెట్టండి, కొన్నవారి ఈమెయిలు జాబితా మీ దగ్గర ఉంచుకోండి, నియమాల పేజీని తేదీతో సహా దాచుకోండి. స్టూడియోలో మీకు ఇచ్చిన పని మనస్సాక్షికి తగనిదైతే మీ పాస్టరుతో మాట్లాడండి, ఉద్యోగం పోతుందన్న భయంతో ఒంటరిగా మోయవద్దు.

తల్లిదండ్రులకు: స్టీమ్‌లో 'స్టీమ్ ఫ్యామిలీస్' అనే అమరిక ఉంది. అందులో పిల్లల ఖాతాను మీ ఖాతా కిందికి చేర్చుకుంటే ఏ గేమ్‌లు ఆడవచ్చో, ఎంతసేపు ఆడవచ్చో, దుకాణం చూడవచ్చో లేదో మీరే నిర్ణయించవచ్చు. పిల్లవాడు కొనమని అడిగింది మీ ఫోనుకు వస్తుంది. పెట్టడం రాకపోతే మీ సంఘంలోని యూత్ లీడరును అడగండి, అర్ధగంట పని. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకునే పెట్టండి.